కంది కాయ మీది ఈకరెక్కల పురుగు: అపోహలు - వాస్తవాలు

కంది పూతకు వచ్చిందంటే నా రోజులు చేలల్లోనే గడుస్తాయి. గట్ల మీద తరచూ వినే మాటలకు ఇవి నా జవాబులు.

అపోహ: సాయంత్రం కంది కొమ్మల మీద వాలేవి దోమలు.

దోమలు కావు. పొడవాటి కాళ్లతో, సన్నగా ముడిచిన రెక్కలను అడ్డంగా చాచి టీ అక్షరంలా కూర్చునే చిన్న రెక్కల పురుగు ఇది. ముందు రెక్క రెండు పాయలుగా, వెనుక రెక్క మూడు పాయలుగా చీలి ఉంటుంది. పాయల అంచులకు ఈకల్లాంటి కుచ్చు. శాస్త్రీయ నామం ఎక్సెలాస్టిస్ అటోమోసా.

అపోహ: మందు కొట్టినా చావలేదు, పురుగు కాయకు అలాగే అంటుకుని ఉంది.

రైతు డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఈ మాట దగ్గరే. అలా అంటుకుని ఉన్నది చాలాసార్లు ప్యూపా, అంటే గొంగళి దశ (లార్వా) ముగిశాక, రెక్కల పురుగు కాకముందు తిండి మాని ఉండే దశ. కంది కాయను తొలిచే మరో పురుగు, శనగపచ్చ పురుగు, మట్టిలో ప్యూపా దశకు వెళ్తుంది కాబట్టి, కాయ మీద ప్యూపాను చూడడం మనకు అలవాటు లేదు. పైగా ఇది గోధుమ కలిసిన ఆకుపచ్చ రంగులో, నూగుతో, అచ్చం లార్వాలాగే ఉంటుంది. పుల్లతో కదిపి చూడండి. లార్వా పాకుతుంది. ప్యూపా తోక కొసతో కాయను పట్టుకుని ఉన్నచోటే కాస్త మెలికలు తిరుగుతుంది, అంతే. అది ఏమీ తినదు, తిన్నప్పుడు పనిచేసే మందు దాన్ని ఏం చేస్తుంది? రెక్కల పురుగు వెళ్లిపోయాక మిగిలిన ఖాళీ తొడుగులను చూసి రెండోసారి మందు కొట్టిన చేను చూసి చాలా బాధపడ్డాను.

అపోహ: కాయకు రంధ్రం ఉంటే శనగపచ్చ పురుగే. లింగాకర్షక బుట్ట ఖాళీగా ఉంటే భయం లేదు.

శనగపచ్చ పురుగు చేసే రంధ్రం పెద్దది, గుండ్రనిది. ఈకరెక్కల లార్వా ముందు కాయ పైపొరను గీకి, తర్వాత చిన్న రంధ్రం చేస్తుంది. ఒళ్లు బయటే ఉంచి తల లోపలికి పెట్టి గింజను తింటుంది. ఇక బుట్ట సంగతి: అందులో పెట్టే ఎర శనగపచ్చ మగ పురుగుల కోసం. ఈకరెక్కల పురుగు దానికి రాదు. మొగ్గలనూ లేత కాయలనూ కళ్లతో చూడాల్సిందే. పక్కన చిక్కుడు, ఉలవ ఉంటే వాటినీ చూడండి.

అపోహ: ఈకరెక్కల జాతులన్నీ పంటకు శత్రువులే.

ఈ కుటుంబంలోదే ఒక జాతి లంటానా పూలనూ లేత గింజలనూ తింటుంది. ఆ కంపను అదుపు చేయడానికి 1902లో దాన్ని మెక్సికో నుంచి హవాయి దీవులకు ప్రత్యేకంగా తీసుకెళ్లి వదిలారు.