తీసేసిన గడువే తిరిగొచ్చింది: బెంగళూరు రోడ్లపై గాయపడ్డవారి పరిహారం

హోసూరు రోడ్డు మీదో, కె.ఆర్.పురం వంతెన దగ్గరో కారు గుద్ది కాలు విరిగిన సెంట్రింగ్ మేస్త్రీ బెంగళూరులో ఎక్కువ రోజులు ఉండడు. రాడ్డు వేయించుకుని, కుట్లు విప్పగానే హిందూపురమో మదనపల్లెనో చేరతాడు. అక్కడ పుత్తూరు కట్టు కట్టించుకునేవాళ్ళూ ఉంటారు. కేసు సంగతి నడక వచ్చాక చూసుకుందామంటారు. ఇప్పుడు ఆ తీరిక లేదు. మోటారు వాహనాల చట్టం 166(3) ప్రకారం, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది.

నిజానికి ఇది కొత్తదేమీ కాదు. 1989లో అమల్లోకి వచ్చిన 1988 చట్టంలోనూ ఆరు నెలల గడువుంది. తగిన కారణం చూపితే ఏడాది దాకా ఒప్పుకునేవారు. 1994 సవరణలో పార్లమెంటు దాన్ని మొత్తంగా ఎత్తేసింది. 2019 సవరణ మళ్ళీ తెచ్చిపెట్టింది, ఆలస్యాన్ని మన్నించే వాక్యం లేకుండా. ఈ నిబంధనపై సవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. అవి ఎటు తేలతాయోనని ఎదురుచూస్తూ కూర్చోవడం మాత్రం తెలివైన పని కాదు.

ఈ ఊగిసలాట పాతదే. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం చనిపోయినవారి కుటుంబాలకే దారి చూపింది. గాయపడి బతికినవాడు కోర్టు ఫీజు కట్టి సివిల్ దావా వేసుకోవాల్సిందే. 1939 చట్టంలోని థర్డ్ పార్టీ బీమా, అంటే వాహనం వల్ల దెబ్బతిన్న ఇతరులకు పరిహారమిచ్చే బీమా, 1946 నుంచి తప్పనిసరి అయింది. 1956 సవరణతో ప్రత్యేక ట్రిబ్యునళ్లకు చోటు దొరికింది. అయినా ఎదుటి డ్రైవరు తప్పును బాధితుడే నిరూపించాలి. తప్పుతో పనిలేని పరిహారం వైపు చట్టం నడవాలని సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్ 1979లో అన్నారు. 1982లో అది వచ్చింది: మరణానికి రూ.15,000, శాశ్వత వైకల్యానికి రూ.7,500. ఇప్పుడు 164వ సెక్షన్ కింద మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు. ఇక్కడో మెలిక ఉంది. ఆ మొత్తం పుచ్చుకుంటే, 166 కింద వేసిన క్లెయిమ్ రద్దయిపోతుంది. ఎముక విరిగిన కూలీకి రెండున్నర లక్షలు పెద్ద మొత్తంగానే కనిపిస్తాయి. సంతకం పెట్టేముందు అసలు లెక్క వేసి చూడాలి.

ఆ లెక్కకూ ఓ చరిత్ర ఉంది. 1994లో చట్టానికి చేర్చిన పరిహారం లెక్కల పట్టికలో కూడికలు, గుణకారాలే తప్పని సుప్రీంకోర్టు 1996లో ఎత్తిచూపింది. 2009లో అదే కోర్టు సరళా వర్మ తీర్పు వయసును బట్టి గుణకాలు, అంటే ఏడాది ఆదాయాన్ని ఎన్నింతలు చేయాలో, ఖాయం చేసింది: 15–25 మధ్య 18, 31–35 మధ్య 16, 46–50 మధ్య 13. స్వయం ఉపాధి, స్థిర జీతం ఉన్నవారికి 40 ఏళ్లలోపైతే ఆదాయంపై 40 శాతం భవిష్యత్తు పెరుగుదల కలపాలని 2017లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. గాయాల కేసులకూ ఇది వర్తిస్తుందని ఆ తర్వాతి తీర్పులు స్పష్టం చేశాయి.

మన మేస్త్రీకి 32 ఏళ్లు, నెలకు రూ.15,000 అనుకుందాం. డాక్టరు కాలికి 45 శాతం వైకల్యం రాస్తారు. కర్ణాటక కోర్టుల్లో మామూలుగా అందులో మూడో వంతునే మొత్తం శరీర వైకల్యంగా తీసుకుంటారు, అంటే 15 శాతం. పెరుగుదల కలపకుండా 15,000 × 12 × 16లో 15 శాతం రూ.4,32,000. నలభై శాతం కలిపితే రూ.6,04,800. పరంజా ఎక్కలేడు, గొంతుక్కూర్చోలేడు కాబట్టి సంపాదన నష్టం 30 శాతమని ట్రిబ్యునల్ ఒప్పుకుంటే రూ.12,09,600. కాలు అదే, విరిగిన ఎముక అదే. మరణం కేసుల్లోలా సొంత ఖర్చుల కింద ఇందులో కోత ఉండదు. ఆసుపత్రి బిల్లులు, పని పోయిన నెలల కూలి, నొప్పి, రాడ్డు తీయించే ఆపరేషన్ ఖర్చు దీనికి అదనం. ఆ ఆపరేషన్‌కు డాక్టరు దగ్గర అంచనా ముందే రాయించుకోవాలి.

శరీర వైకల్యం వేరు, సంపాదన నష్టం వేరని 2011లో సుప్రీంకోర్టు విడమర్చింది. ఎడమ చెయ్యి తెగితే డ్రైవరుకో వడ్రంగికో దాదాపు నూరు శాతం నష్టం, ప్రభుత్వ గుమాస్తాకు అలా కాదు. అందుకే సర్టిఫికెట్‌లో శాతం ఒక్కటే ఉంటే చాలదు. మోకాలు ఎంత వంగుతుంది, బరువు ఎత్తగలడా, మెట్లు ఎక్కగలడా అన్నవి రాసి ఉండాలి. రాసిన డాక్టరు సాక్ష్యం చెప్పడానికి రావాలి.

క్లెయిమ్‌లు ఎక్కువగా చెడేది మొదటి రాత్రే. పోలీసు కేసంటే భయపడి బంధువులు క్యాజువాలిటీలో ‘బండి జారి పడ్డాడన్నా’ అంటారు. కేసు షీటులో అదే రాస్తారు. నెల తర్వాత ఎఫ్‌ఐఆర్‌లో కారు కనిపిస్తే, బీమా కంపెనీ లాయరు మొట్టమొదట చదివి వినిపించేది ఆ ఒక్క లైనే. కాబట్టి ఏ వాహనం, ఏ వైపు నుంచి గుద్దిందో చేరిన రోజే ఆసుపత్రిలోని ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసుల) రిజిస్టరులో రాయించాలి. నిజంగానే తనంతట తాను పడినవాడికి థర్డ్ పార్టీ క్లెయిమ్ ఉండదు. బండి యజమానే నడుపుతుంటే, పాలసీలో రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద కవర్ ఉందేమో చూడాలి. అది మరణానికీ, పాలసీలో రాసిన శాశ్వత వైకల్యాలకే. గుద్దిన వాహనం దొరక్కపోతే తీవ్ర గాయానికి వచ్చేది రూ.50,000.

కూలికి రుజువు ఉండదని చాలామంది వదిలేస్తారు. మేస్త్రీలకు ఇప్పుడు వారం కూలి ఫోన్‌పేలోనే పడుతోంది, ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంటు తీయిస్తే సరిపోతుంది. ఏమీ లేకపోతే, ప్రమాదం జరిగిన ఏడాదిని బట్టి కర్ణాటక న్యాయసేవల సంస్థ చార్టులోని అంచనా ఆదాయం తీసుకుంటారు. చాలాసార్లు అది అసలు కూలికన్నా తక్కువే.

ఇక గడువు. ఎముక అతికి, వైకల్యం ఎంతో తేలడానికి ఆరు నెలలు చాలకపోవచ్చు. కానీ క్లెయిమ్ వేయడానికి వైకల్య సర్టిఫికెట్ అక్కర్లేదు. ఎఫ్‌ఐఆర్, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, వాహనం బీమా వివరాలతో ముందు వేసేయవచ్చు, డాక్టరు సాక్ష్యం విచారణలో వస్తుంది. 2022 నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు ఇవ్వాలి. ఆ కాపీలు అడిగి తీసుకోవాలి.

బెంగళూరులో ఈ కేసులు స్మాల్ కాజెస్ కోర్టులో నడుస్తాయి. అక్కడే వేయాలని లేదు, బాధితుడు ఉండే ఊరి ట్రిబ్యునల్‌లోనూ వేయొచ్చు. సొంత ఊళ్ళో వేస్తే వాయిదాలకు బస్సు చార్జీ మిగులుతుంది. ఆపరేషన్ చేసిన బెంగళూరు డాక్టరును అక్కడికి రప్పించడం మాత్రం కష్టం. ఏది ఎంచుకున్నా ఎక్స్‌రే ఫిల్ములు, బిల్లుల అసలు కాపీలు పారేయకూడదు. పుత్తూరు వెళ్ళేవాళ్ళలో చాలామంది వాటిని ఆసుపత్రి మంచం కిందే వదిలి వెళ్తారు.