జనవరి 1 పలకరింపుకు బదులు: మాట ఎక్కడ బిగుసుకుంది

డిసెంబరు చివరికొచ్చేసరికి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కార్యాలయాల్లో, కాలనీల్లో పాత ప్రశ్న మళ్లీ లేచింది. మనం జరుపుకోని పండుగకు ఎవరైనా శుభాకాంక్షలు చెబితే ఏమని బదులివ్వాలి? క్రిస్మస్‌కు చాలామంది తడుముకోరు. జనవరి 1 దగ్గరే "మా సంవత్సరాది ఉగాది" అన్న మాట అడ్డుపడుతోంది. ఆంగ్ల క్యాలెండరు ఎలా వచ్చిందో అందరికీ తెలిసిందే కనుక, ఆ మాట ఎక్కడ బలపడిందో చూడాలి.

2017 డిసెంబరులో రాష్ట్ర దేవాదాయ శాఖకు చెందిన హిందూ ధర్మ పరిరక్షణ ట్రస్టు ఆలయాలకు ఒక సర్క్యులర్ పంపింది. జనవరి 1న పూల అలంకరణలకు ఆలయాల సొమ్ము ఖర్చు చేయవద్దని, ఉగాదినే జరపాలని దాని సారాంశం. భక్తుల కానుకల విషయంలో ఆ మాట సబబే. అరసవల్లిలో రథసప్తమికి, శ్రీకూర్మంలో డోలోత్సవానికి ఉన్న ప్రాధాన్యం జనవరి 1కి ఉండాలని ఎవరూ కోరరు. అయితే ఆ రోజున ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకోవడం వైదిక సంస్కృతి కాదన్న వ్యాఖ్య కూడా అందులోనే ఉంది. ఖర్చు సంగతి ఆలయాల దస్త్రాల్లో ఉండిపోగా, ఈ ఒక్క వ్యాఖ్య ఇరుగుపొరుగు పలకరింపులకు నియమమై కూర్చుంది. నా దృష్టిలో అసలు మలుపు అదే.

అంతకుముందు బదులివ్వడం ఇంత బరువైన పని కాదు. సంక్రాంతికి అరిసెలు అందుకున్న ఇంటి నుంచి క్రిస్మస్‌కు కేకు వచ్చేది, రంజాన్‌కు మరో ఇంటి నుంచి సేమ్యా పాయసం వచ్చేది. గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదని, ఇంట్లో ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి ఇచ్చేవారు. అలా వేసినంత మాత్రాన పొరుగింటి పండుగ తమదైపోయిందని ఎవరూ బెంగపడలేదు. విజయనగరంలో బాబామెట్ట దర్గా ఉరుసుకు హిందువులు ఇప్పటికీ వెళ్తారు. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి సిరిమాను కదిలితే ఊరంతా వీధిలోనే ఉంటుంది.

చైత్ర శుద్ధ పాడ్యమికి పంచాంగం మారుతుంది, జనవరి 1న గోడమీది క్యాలెండరు మాత్రమే మారుతుంది అన్న వాదనలో నిజముంది. కానీ జీతం, పరీక్ష, రైలు టిక్కెట్టు ఆ గోడ క్యాలెండరు ప్రకారమే నడుస్తున్నప్పుడు, శుభాకాంక్షలు చెప్పే తోటి ఉద్యోగి తన మతాన్ని మన మీద రుద్దుతున్నాడనుకోవడం అన్యాయం. "మీకూనండీ" అన్న బదులు ఉగాదిని ఏ విధంగానూ తగ్గించదు. 2017 సర్క్యులర్ కూడా ఆలయాలకు రాసినదే తప్ప, ఇళ్లకు రాసినది కాదు.