గర్భనిరోధక మాత్ర, ముఖద్వార క్యాన్సర్: నలభై ఏళ్లు నలిగిన ప్రశ్న

1960లో అమెరికా ప్రభుత్వం ఎనోవిడ్‌ను గర్భనిరోధక మాత్రగా అనుమతించిన నాటి నుంచి, రోగమేదీ లేని స్త్రీ ఏళ్ల తరబడి హార్మోన్లు మింగితే క్యాన్సర్ రాదా అన్న ప్రశ్న వైద్యరంగాన్ని వెంటాడుతూనే ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలో జవాబు మరీ ఆలస్యమైంది. ఆ క్యాన్సర్ అసలు దేనివల్ల వస్తుందో అప్పటికి ఎవరికీ తెలియకపోవడమే ఇందుకు ముఖ్య కారణం.

అనుమానానికి తొలిసారి గట్టి ఆధారం చూపింది మార్టిన్ వెస్సీ ఆధ్వర్యంలోని ఆక్స్‌ఫర్డ్ బృందం. పిల్లలు పుట్టాక మాత్రలు వాడుతున్న 6,838 మందిని, గర్భాశయంలో అమర్చే లూప్ వేయించుకున్న 3,154 మందిని ఏళ్ల తరబడి గమనించి, 1983లో లాన్సెట్ పత్రికలో ఆ బృందం ఫలితాలు ప్రకటించింది. కండోమ్, ముఖద్వారాన్ని కప్పి ఉంచే డయాఫ్రమ్ వంటివి ఆ భాగానికి కొంత రక్షణనిస్తాయి కనుక, వాటిని వాడేవారితో పోలిస్తే తేడా అంతా మాత్ర ఖాతాలో పడే ప్రమాదం ఉంది. లూప్ వాడేవారితో పోల్చడంలోని మెలకువ అదే. లోపలి కణజాలంలోకి చొచ్చుకుపోయిన క్యాన్సర్ కేసులు మొత్తం 13 రాగా, ఆ 13 మందీ మాత్రలు వాడినవారే; వారిలో తొమ్మిదిమంది ఆరేళ్లకు పైగా వాడారు. అయినా వాదన ఆగలేదు. ఇరువర్గాల లైంగిక జీవితాలు ఒకేలా ఉన్నాయని ఎలా నమ్మాలన్న విమర్శ వచ్చింది, అది న్యాయమైన విమర్శే.

చిక్కుముడి విప్పే ఆధారం దాదాపు అదే సమయంలో జర్మనీలో దొరికింది. హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) 16 రకాన్ని, మరుసటి ఏడాది 18 రకాన్ని ముఖద్వార క్యాన్సర్ కణాల్లో గుర్తించింది. అసలు దోషి వైరస్ అని తేలాక ప్రశ్న రూపమే మారింది: వైరస్ సోకిన స్త్రీలో మాత్ర దానికి తోడ్పడుతుందా? తోడ్పడుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అధ్యయనం 2002లో తేల్చింది. వైరస్ ఉన్నవారిలో అయిదేళ్లలోపు వాడకంతో ముప్పు పెరగలేదు. అయిదు నుంచి తొమ్మిదేళ్లు వాడినవారిలో అది 2.8 రెట్లు, పదేళ్లు దాటినవారిలో నాలుగు రెట్లు కనిపించింది. 2005లో ఆ సంస్థ ముఖద్వార క్యాన్సర్‌ను కూడా కలిపి, ఈ మాత్రలను గ్రూప్ 1లో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన వాటి వర్గంలో, ఉంచింది. ఆ వర్గం చెప్పేది సాక్ష్యం ఎంత గట్టిదన్న సంగతే గానీ ప్రమాదం ఎంత పెద్దదన్నది కాదు. భయపడేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ప్రమాదం కొలత 2007లో దొరికింది. 24 అధ్యయనాల్లోని 16,573 మంది రోగుల సమాచారాన్ని కలిపి చూస్తే, అయిదేళ్లకు మించి మాత్రలు వాడుతున్నవారికి ముప్పు దాదాపు రెట్టింపు. ఆపేశాక తగ్గుతూ, పదేళ్లకు ఎన్నడూ వాడనివారితో సమానమైంది. ఇరవయ్యో ఏట మొదలుపెట్టి పదేళ్లు వాడితే, యాభై ఏళ్లు నిండేలోగా ఈ క్యాన్సర్ బారిన పడేవారు వెనుకబడిన దేశాల్లో వెయ్యికి 7.3 నుంచి 8.3కు, సంపన్న దేశాల్లో 3.8 నుంచి 4.5కు పెరుగుతారని అంచనా వేశారు. మరోవైపు, అండాశయ, గర్భాశయ లోపొర క్యాన్సర్లను ఇవే మాత్రలు తగ్గిస్తాయి.

తెలుగునాట ఈ చర్చ మాత్ర కంటే గర్భనిరోధక ఇంజెక్షన్ చుట్టూనే ఎక్కువ సాగింది. 1985లో హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగాలు చేపట్టినప్పుడు, అది ప్రయోగమన్న సంగతే స్త్రీలకు చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం అభ్యంతరం తెలిపి, మరుసటి ఏడాది ఇతరులతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2017లో వేరే మందుతో, మూడు నెలలకొకసారి వేసే ‘అంతర’ ఇంజెక్షన్ ప్రభుత్వ కార్యక్రమంలో చేరింది. ఇటువంటి ఇంజెక్షన్లకూ ముఖద్వార క్యాన్సర్‌కూ ఉన్న సంబంధానికి మాత్రలకున్నంత బలమైన సాక్ష్యం లేదు.

మన దగ్గర అసలు లోటు పరీక్షల్లో ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30-49 ఏళ్ల భారతీయ స్త్రీలలో ఒక్కసారైనా ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతమే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారికి ఆ తర్వాత కుటుంబ నియంత్రణ విభాగం గడప తొక్కే అవసరమే రాదు. ‘అంతర’ కోసం వచ్చే స్త్రీ మాత్రం ఏడాదికి నాలుగుసార్లు నర్సు ఎదుటికి వస్తుంది. ముప్పై దాటినవారికి ముఖద్వారంపై అసిటిక్ ఆమ్లం పూసి చూసే పరీక్షను ప్రభుత్వ మార్గదర్శకాలే సూచిస్తున్నాయి కాబట్టి, ఆ నాలుగు రాకల్లో ఒకదాన్ని అందుకు వాడుకోవచ్చు.