దేవుళ్ల పట్టిక రాస్తే మతం అయిపోదు: కల్పిత మతాలపై అపోహలు - వాస్తవాలు

ఫాంటసీ నవలకో, పాత్రలు వేసుకుని ఆడే రోల్‌ప్లే ఆటకో కొత్త లోకం కట్టేవాళ్లు చాలామంది ముందు దేవుళ్ల పట్టికతో మొదలుపెడతారు. పన్నెండు పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక్కో శాఖ. మంత్రివర్గ విస్తరణ వార్తలా ఉంటుంది. కథ నడిచాక అందులో తొమ్మిదిమంది పేరెత్తేవాళ్లే ఉండరు.

అపోహ: దేవుళ్లు ఎక్కువైతే మతానికి లోతు వస్తుంది.

వాస్తవం: పట్టిక పక్కన పెట్టి రెండు ప్రశ్నలకు జవాబు రాయండి. ఆ ఊరికి అన్నం పెట్టేది ఏమిటి? దాన్ని పాడుచేసేది ఏమిటి? పాత రోమన్లు గోధుమకు తుప్పు తెగులు పట్టకూడదని ఏటా ఏప్రిల్ 25న రొబిగస్ అనే దేవుడికి కుక్కను బలి ఇచ్చేవారు. ఆ పేరు పుట్టిందే తుప్పు అనే మాటలోంచి. దేవుడంటే అంత కచ్చితమైన భయం.

భీమిలి దగ్గర గోస్తని నది సముద్రంలో కలిసే చోటులాంటి ఊరొకటి ఊహించుకోండి. ఏటి నోరైన మొగ ఇసుకతో పూడితే పడవలు కడలిలోకి పోలేవు. తుపాను వస్తే ఉన్న పడవలూ పోతాయి. వేటకెళ్లి తిరిగిరానివాళ్లకు కర్మ చేయడానికి శవం ఉండదు. మూడు భయాలు కాబట్టి మొగతల్లి, తూరుపు పెద్ద, తిరిగిరానోళ్లు, ఈ ముగ్గురు చాలు. నాలుగో దేవుడు కావాలంటే ఊళ్లోకి నాలుగో భయం రావాలి.

అపోహ: ఒక్కో దేవుడికి ఒక్కటే పని.

వాస్తవం: గ్రీకుల అపోలో తెగులు పంపేవాడూ అతడే, నయం చేసేవాడూ అతడే. మనకిది కొత్తా? ఒంటిమీద పొక్కులు లేస్తే ‘అమ్మవారు పోసింది’ అంటాం, తగ్గించమనీ ఆ అమ్మనే వేడుకుంటాం. మొగతల్లిదీ అదే దారి. ఏటికి వరదొస్తేనే మొగ తెరుచుకుంటుంది, ఆ వరదే గట్టుమీది ఇళ్లను ఊడ్చుకుపోతుంది. వరద కోరుతూ మొక్కేవాడూ వద్దని మొక్కేవాడూ ఒకే గుడి ముందు నిలబడితే, రచయిత వేరే గొడవ వెతుక్కోనక్కర్లేదు.

అపోహ: బలి, నైవేద్యం ఘనంగా వర్ణిస్తే సరిపోతుంది.

వాస్తవం: లెక్క కట్టకపోతే ఇక్కడే దొరికిపోతారు. ఊళ్లో 400 గడపలు, గడపకు ఐదుగురు చొప్పున 2,000 మంది అనుకుందాం. ‘ప్రతి అమావాస్యకూ ఇంటికో మేక’ అని రాశారు. ఏడాదికి 4,800 మేకలు. 20 కిలోల మేకకు మాంసం దాదాపు 10 కిలోలు, అంటే ఒక్క రాత్రికి 4,000 కిలోలు, మనిషికి 2 కిలోలు. ఐసు లేని లోకంలో తెల్లారేసరికి ఊరంతా కంపు. పోనీ ఊరంతటికీ ఒక్క మేకే అంటే మనిషికి 5 గ్రాములు, పంపకం దగ్గరే తగవు. పది గడపలకు ఒక మేక, ఏడాదికి ఒకసారి అనండి: 40 మేకలు, 400 కిలోలు, మనిషికి 200 గ్రాములు. ఇది పండగలా ఉంటుంది.

తర్వాత పంపకం. తలకాయ ఎవరికి, తొడ ఎవరికి, తోలు ఏ వాయిద్యం కట్టేవాళ్లకు, ఈ ఏడు ఎవరి వాటా తగ్గింది? గ్రీకులు ఎముకలకు కొవ్వు చుట్టి దేవుళ్లకు కాల్చి, మాంసం తాము తినేవారు. అదెలా న్యాయమో చెప్పడానికి, ప్రొమీథియస్ అనేవాడు దేవతల రాజు జ్యూస్‌ను మోసగించి ఎముకల వాటానే ఎంచుకునేలా చేశాడని ఒక కథ కూడా చెప్పుకునేవారు. ముందు ఆచారం, దాన్ని సమర్థించే కథ తర్వాత అన్నమాట. మీరూ అదే వరసలో రాయండి.

అపోహ: ఆకాశంలో రెండు చందమామలు పెడితే పండగలు వాటంతటవే వస్తాయి.

వాస్తవం: ఒక్క చందమామే ముప్పుతిప్పలు పెడుతుంది. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులు, సౌర సంవత్సరానికి 11 రోజులు తక్కువ. మూడేళ్లలో పండగ నెల ముందుకు జరిగి, కోతల పండగ నాటికి చేలో పచ్చి కంకే ఉంటుంది. మన పంచాంగం దాదాపు ప్రతి 32, 33 నెలలకు అధికమాసం వేసి దీన్ని సరిచేస్తుంది. మీ పూజారులు ఏం చేస్తారు?

రెండు చందమామలే కావాలంటే చూడండి. ఒకదానికి పున్నమి నుంచి పున్నమికి 30 రోజులు, రెండోదానికి 42 రోజులు అనుకుంటే రెండు పున్నములూ కలిసేది 210 రోజులకు ఒకసారి. సరిగ్గా మధ్యలో, 105వ రోజున, రెండింటికీ అమావాస్యే. తిరిగిరానోళ్ల రాత్రికి అంతకన్నా చీకటి దొరకదు. కానీ 365 రోజుల ఏడాదిలో ఆ రాత్రి ప్రతిసారీ ఒకే రుతువులో పడదు. ‘ఏటా కోతల వేళ రెండు నిండు చందమామలు’ అన్న వాక్యం కొట్టేయండి.

అపోహ: పవిత్ర గ్రంథం, సృష్టి కథ ఉండాల్సిందే.

వాస్తవం: గ్రీకులందరికీ ప్రమాణమైన గ్రంథమంటూ లేదు. ఉత్తర ఐరోపా పాత నార్స్ దేవుళ్ల గురించి మనకు తెలిసినదాంట్లో చాలాభాగం 1220 ప్రాంతంలో ఐస్‌లాండ్ కవి స్నోరి స్టుర్లుసన్ రాసిపెట్టింది. అతడు క్రైస్తవుడు, ఐస్‌లాండ్ మతం మారి అప్పటికే రెండు వందల ఏళ్లు దాటింది. కాబట్టి ఒకే కథను పడవలవాళ్ల నోట ఒకలా, ఉప్పు మడులవాళ్ల నోట ఇంకోలా చెప్పించండి. ఏది నిజమో తేల్చకండి.

కాలం కూడా కథను మారుస్తుంది. అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండ బౌద్ధ స్థలం. కనుమ నాడు అక్కడ రాక్షసుడి బొజ్జ ఉందని నమ్మి రాళ్లు రువ్వే ఆచారం ఉండేది. కట్టినవాళ్లు కలలో కూడా అనుకొని ఉండరు. మీ లోకంలోనూ అలాంటి పాత దిబ్బ ఒకటి ఉండనివ్వండి.

అపోహ: మన జాతరను పేరు మార్చి దించేస్తే సరి.

వాస్తవం: దేవతను తీసుకోకండి, అమరిక తీసుకోండి. దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి సిరిమానోత్సవం చూడండి. పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే మాను చింతచెట్టుదే కావాలి. అదెక్కడుందో అమ్మే పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. ఊరేగింపులో పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, జాలరివల ఉంటాయి. ఇందులో నేర్చుకోవాల్సింది ‘కచ్చితమైన వస్తువు, దాన్ని వెతికే పద్ధతి, అందరికీ ఒక చోటు’ అన్నది. పాడేరు మోదకొండమ్మనో ఇంకో నిజమైన తల్లినో ఆటలో శత్రువుగా నిలబెట్టడం మాత్రం మర్యాద కాదు, రచనగానూ బద్ధకమే.

అపోహ: పేరు నోరు తిరగకుండా ఉంటేనే ప్రాచీనంగా వినిపిస్తుంది.

వాస్తవం: రోజూ పిలిచే పేరు అరుగుతుంది. మొగతల్లిలా చోటు పేరుకు చుట్టరికం కలపండి, అంతే.

అపోహ: పాత దేవుళ్లను కొలిచేవాణ్ని పిలిచే ‘పేగన్’ అనే మాటకు అర్థం దైవద్రోహి.

వాస్తవం: లాటిన్‌లో పగానస్ అంటే మొదట పల్లెటూరివాడనే. మీ పాత్రలు తమను అలా పిలుచుకోవు. ‘మా పెద్దలు చేసినట్టు’ అంటాయి.

అపోహ: నిషేధం అంటే శాపం భయం.

వాస్తవం: నిషేధానికి రోజుల లెక్క, దానికయ్యే ఖర్చు ఉండాలి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. అది ప్రభుత్వ ఉత్తర్వు. మీ ఊళ్లో అన్నే రోజులు మొగతల్లి పురిట్లో ఉందనుకోండి, వల తడపకూడదు. మరి ఆ 61 రోజులు 2,000 మంది ఏం తింటారు? ఎండుచేప ఎన్ని బుట్టలు దాచారు? అది అయిపోయాక బియ్యం అప్పిచ్చే ఇల్లేది? ఆ ఇంటి పేరు మొగతల్లి పేరు పక్కనే రాసుకోండి.