గుర్రాలు లాగిన హౌవిట్జర్లు: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు,

ఆశీస్సులు. 1939 సెప్టెంబర్ 1న జర్మనీ పోలండ్ మీద పడిందని, రెండో ప్రపంచ యుద్ధం అలా మొదలైందని మీరు స్కూల్లో చదివే ఉంటారు. దాంతో పాటు ఇంకో కథ కూడా మీ చెవిన పడి ఉంటుంది. పోలండ్ సైనికులు గుర్రాలెక్కి, బల్లేలు పట్టుకుని ట్యాంకుల మీదికి ఉరికారట! అది నిజం కాదు. ఆ రోజు క్రోయాంటి అనే ఊరి దగ్గర గుర్రపు దళం దాడి చేసింది జర్మన్ కాల్బలం మీద. సాయుధ వాహనాలు ఆ తర్వాత వచ్చి కాల్పులు జరిపాయి. ఈ కట్టుకథ విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఇరవై ఏళ్ల పాటు ఆ దేశం ఎంత కష్టపడి తన ఫిరంగి దళాన్ని తయారుచేసుకుందో ఎవరికీ తెలియకుండా పోయింది.

123 ఏళ్లు రష్యా, జర్మనీ, ఆస్ట్రియాల కింద ముక్కలై నలిగిన పోలండ్ 1918 నవంబర్‌లో మళ్లీ స్వతంత్ర దేశమైంది. ఆ మూడు సామ్రాజ్యాలు వదిలిపోయిన ఫిరంగులు, ఫ్రాన్స్ నుంచి వచ్చినవి, అన్నీ కలిసి ఒకే సైన్యంలో చేరాయి. ఒకదాని గుండు ఇంకోదానిలో పట్టదు. యుద్ధంలో ఇంతకన్నా పెద్ద టెన్షన్ ఉండదు. అందుకని 76.2 మి.మీ. (గొట్టం లోపలి వెడల్పు అన్నమాట) రష్యన్ ఫిరంగుల గొట్టాలను 75 మి.మీ.కి మార్చారు. ఫ్రెంచ్ ఫిరంగుల గుండ్లే వాటిలోనూ సరిపోయేలా చేశారన్నమాట. పేద దేశం చేసిన తెలివైన పని అది.

ఇప్పుడు హౌవిట్జర్ సంగతి. మామూలు ఫీల్డ్ గన్ గుండును వేగంగా, దాదాపు నేరుగా కొడుతుంది. శత్రువు గుట్ట వెనక దాక్కుంటే దానికి అందడం కష్టం. ప్రహరీ గోడ అవతల ఉన్నవాడికి బంతి అందించాలంటే మీరు పైకి ఎత్తి వేయరూ? హౌవిట్జర్ చేసేది అదే. గొట్టాన్ని పైకెత్తి, లోపల పెట్టే పేలుడు మందు పాళ్లు తగ్గించో పెంచో గుండు ఎక్కడ దిగాలో తేలుస్తారు.

పోలండ్ దగ్గర ఎక్కువగా ఉన్నది చెకోస్లొవాకియాలోని స్కోడా కంపెనీ వాళ్ల 100 మి.మీ. హౌవిట్జర్, మోడల్ 14/19. 1914 నాటి ఆస్ట్రియా ఫిరంగికి గొట్టం పొడవు పెంచి, దూరం పెంచారు. సుమారు 10 కి.మీ. దాకా కొట్టేది. లైసెన్సు తీసుకుని స్టారహోవిట్సె ఫ్యాక్టరీలో సొంతంగా తయారుచేసుకున్నారు. దాన్ని ఆరు గుర్రాలు లాగేవి. దానికన్నా బరువైనది ఫ్రెంచ్ కంపెనీ ష్నైడర్ 155 మి.మీ. హౌవిట్జర్. గుండు 43 కిలోలు, ఫిరంగి మూడు టన్నుల పైమాట, లాగడానికి ఎనిమిది గుర్రాలు. గుర్రాలు అనగానే నవ్వకండి. అప్పటి జర్మన్ పదాతి డివిజన్ల (వేల మంది కాల్బలం ఉండే పెద్ద దళాల) ఫిరంగులను కూడా చాలావరకు గుర్రాలే లాగాయి.

అసలు లోటు లెక్కలో ఉంది. పోలండ్ పదాతి డివిజన్‌కు 24 ఫీల్డ్ గన్‌లు ఉంటే, 100 మి.మీ. హౌవిట్జర్లు 12 మాత్రమే. వాటికి తోడు 155 మి.మీ.వి మహా అయితే మూడు. ఎదుటి జర్మన్ డివిజన్‌కు 105 మి.మీ. హౌవిట్జర్లే 36, అంతకన్నా బరువైనవి వేరే. ఆ నేరుగా కొట్టే ఫిరంగుల మీద అంత నమ్మకం పెట్టుకోకుండా ఉండాల్సిందని నా అభిప్రాయం. కానీ చేతిలో ఉన్నవి అవే, వాటికి గుండ్లున్నాయి, కొత్తవి కొనడానికి డబ్బు లేదు.

కాల్బలం వెంట నడిచేవి మోర్టార్లు, అంటే బాంబును బాగా ఎత్తుకు విసిరే పొట్టి గొట్టాల ఫిరంగులు. 81 మి.మీ. మోర్టార్ ఫ్రాన్స్‌కు చెందిన ఎడ్గార్ బ్రాంట్ నమూనా. ఈయన గొప్ప ఇనుప కళాకారుడు కూడా. పారిస్‌లో అజ్ఞాత సైనికుడి సమాధి దగ్గర వెలిగే జ్యోతి దిమ్మె ఆయన పనితనమే. మోర్టార్‌లో ఉన్నదల్లా గొట్టం, రెండు కాళ్ల స్టాండు, నేల మీద ఆన్చే పళ్లెం. మొత్తం 60 కిలోల దాకా ఉంటుంది కాబట్టి ముగ్గురు పంచుకుని మోస్తారు. మూడు కిలోల పైచిలుకు బాంబును గొట్టం మూతిలోంచి జారవిడిస్తే అడుగున ఉన్న పిన్ను తగిలి, తోకలోని మందు అంటుకుని, అది తిరిగి పైకి లేస్తుంది. దూరం పెరగాలంటే తోక చుట్టూ అదనపు మందు తగిలిస్తారు.

పోలండ్ ఇంజనీర్లు సొంతంగా చేసిన 46 మి.మీ. బుల్లి మోర్టార్ నాకు ఇంకా ఇష్టం. దాని గొట్టం ఎప్పుడూ 45 డిగ్రీల వాలులోనే ఉంటుంది. దూరం మార్చాలంటే గొట్టం కదపరు, మందు కాలగా వచ్చే గ్యాస్ ఒత్తిడిని మారుస్తారు. ముప్పావు కిలో బాంబును 100 మీటర్ల నుంచి 800 మీటర్ల దాకా ఎక్కడైనా వేయొచ్చు.

ఇక భారీవి, స్కోడా 220 మి.మీ. మోర్టార్లు. ఒక్కో గుండు 128 కిలోలు. అలాంటివి 27 కొన్నారు. ఒక్కోదాన్ని మూడు భాగాలుగా విప్పి, ట్యాంకు నమూనాలో చేసిన సి7పి ట్రాక్టర్లతో లాగేవారు. కోటలు కూల్చడానికి కొన్నవి. 1939లో యుద్ధం రోజుకో చోటికి మారిపోతుంటే వాటికి పెద్దగా పని దొరకలేదు. చివరికి జర్మన్లు పట్టుకుపోయి తమ సైన్యంలో వాడుకున్నారు.

ఈ లోటు తెలిసే, యుద్ధానికి ముందు 1930ల చివర్లో సొంత ఫిరంగుల కోసం అడవి కొట్టి స్టలోవా వోలా అనే ఊరినీ ఉక్కు ఫ్యాక్టరీనీ కట్టారు. యుద్ధం ముంచుకొచ్చి పని మధ్యలో ఆగింది. ఈ రోజు పోలండ్ సైన్యం వాడే 155 మి.మీ. క్రాబ్ హౌవిట్జర్లు, 120 మి.మీ. రాక్ మోర్టార్లు తయారయ్యేది ఆ ఊళ్లోనే.

ఇట్లు,
మీ తాతయ్య