వాసం కోసే ముందు

పిల్లలూ,

పశువుల కొట్టానికి పైకప్పు వేస్తుంటే చూశారట కదా. వాసాలన్నీ కిందే కోసి పైకెక్కిస్తే ఒక్కటి కూడా పొట్టిగానో పొడుగ్గానో రాకుండా అంత చక్కగా ఎలా కూర్చుంటాయి తాతయ్యా అని అడిగారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి అందరూ తిడతారు గానీ, ఇల్లు కట్టేవాడు మాత్రం లెక్కపెట్టి తీరాలి. మీరు బళ్ళో చదివిన లంబకోణ త్రిభుజమే ఇక్కడ పనికొస్తుంది, కొత్తగా నేర్చుకోవాల్సిన లెక్కేమీ లేదు.

కొట్టం వెడల్పు 24 అడుగులనుకోండి. గోడల మీద పరిచిన పట్టెల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలవాలి, లోపలి కొలత పట్టుకుంటే అంతా తప్పుతుంది. అందులో సగం 12. గోడ అంచు దగ్గర వాసం పైముఖం ఎంత ఎత్తులో ఉంటుందో, కొప్పు, అంటే రెండు వాలులూ పైన కలిసే చోటు, దానికన్నా 9 అడుగులు ఎత్తులో ఉండాలనుకున్నాం. 12 వర్గం 144, 9 వర్గం 81, రెండూ కలిపితే 225, దాని వర్గమూలం 15. వాసం పొడవు 15 అడుగులు. ఇంకోలా చూస్తే, అడ్డంగా అడుగు జరిగేసరికి 9 అంగుళాలు లేచి, ఏటవాలుగా 15 అంగుళాలు పాకుతుంది.

ఇప్పుడు మూలమట్టం తీసుకోండి, ఎల్ ఆకారంలో అంగుళాల గీతలు ఉండే ఇనప పరికరం. దాని పొడుగు చేతి మీద 12 గీత, పొట్టి చేతి మీద 9 గీత, రెండూ వాసం పై అంచుని తాకేలా పెట్టాలి. పొట్టి చేతి వెంట గీస్తే, వాసం పైకెక్కాక ఆ గీత గుండు దారంలా నిట్టనిలువుగా నిలబడుతుంది. పొడుగు చేతి వెంట గీసింది నేలకు సమాంతరంగా పడుకుంటుంది. కోణం డిగ్రీల్లో ఎంతో తెలియక్కర్లేదు, వాసం మీద పడే కోతలన్నీ ఈ రెండు గీతల్లోంచే వస్తాయి. అలాగే మట్టాన్ని జరుపుకుంటూ 12 సార్లు పెడితే, ఒక్కోసారికి 15 చొప్పున 180 అంగుళాలు, అంటే 15 అడుగులే. టేపుతో కూడా కొలిచి చూడండి, రెండూ కలవకపోతే రంపం ముట్టుకోవద్దు.

చాలామంది బోల్తాపడేది కొప్పు దగ్గర. మన 15 అడుగుల లెక్క కొప్పు నడిమధ్య వరకు. కానీ అక్కడ రెండు వైపుల వాసాల మధ్యలో వెన్నుపట్టె నిలబడి ఉంటుంది కదా, అది ఒకటిన్నర అంగుళం మందమైతే అందులో సగం, అంటే ముప్పావు అంగుళం, ప్రతి వాసంలోనూ తగ్గాలి. ఆ ముప్పావుని వాసం వాలు వెంట కాదు, నిలువు గీతకి లంబంగా కొలిచి, పక్కనే ఇంకో నిలువు గీత గీయాలి. కోసేది ఆ రెండో గీత మీద. ఇది మర్చిపోతే ఒక్కో వైపు ముప్పావు అంగుళం ఎక్కువొచ్చి, కింద గాడులు పట్టె మీద సరిగ్గా కూర్చోవు.

ఇక ఆ గాడి, వాసం గోడ పట్టె మీద కూర్చునే చోటు. 15 అడుగుల దగ్గర గీసిన నిలువు గీత పట్టె బయటి ముఖానికి ఆనాలి, దానికి లోపలివైపు అడ్డగీత పట్టె పైముఖం మీద కూర్చోవాలి. గాడి ఎంత పెద్దదైతే అంత గట్టిగా కూర్చుంటుందనుకుంటారు గానీ, లోతు వాసం వెడల్పులో మూడో వంతు దాటితే అక్కడే బలహీనమవుతుంది. 6 అంగుళాల వాసానికి 3 అంగుళాలు కూర్చునేలా కోస్తే, వాసం అంచుకి లంబంగా కొలిచిన లోతు 2 అంగుళాల లోపే ఉంటుంది, అది చాలు. గోడ దాటి చూరు అడుగు రావాలంటే ఆ నిలువు గీత నుంచి ఇంకో 15 అంగుళాలు వదలాలి. కొనేటప్పుడు 17 అడుగుల కర్రకి తగ్గకుండా తీసుకోండి, చివర్లు వాలుగా తెగుతాయి కాబట్టి కొంచెం ఎక్కువే పోతుంది.

ఒక వాసం కోసి, అదే కొలతతో రెండోది కోసి, ఆ జత పైకెక్కించి చూశాకే మిగతావి కోయాలి. సరిపోయిందా, మొదటిదాని మీద 'నమూనా' అని పెద్దగా రాసేయండి. మిగతావన్నీ దాన్ని పెట్టే గీయాలి. మూడోదాన్ని పెట్టి నాలుగోది, నాలుగోదాన్ని పెట్టి అయిదోది గీస్తే పెన్సిల్ గీత మందమంత తేడా ప్రతిసారీ పెరుగుతూ పోయి, చివరి వాసం దగ్గరికొచ్చేసరికి చూరు వంకరగా కనిపిస్తుంది. పైగా ఏ కర్రా పూర్తిగా నిటారుగా ఉండదు. గీసే ముందు ఒక కన్ను మూసి అంచు వెంట చూసి, ఉబ్బిన వైపు పైకి పెట్టండి, కప్పు బరువుకి అదే కొంత సర్దుకుంటుంది.

గోడలు ఒక పక్క 24, ఇంకో పక్క 24 పావు ఉంటే ఈ లెక్కలేవీ పనిచేయవు, అందుకే ముందు ఎదురెదురు గోడల కొలతలు సమానమో కాదో చూసి, ఆ పైన ఎదురెదురు మూలల మధ్య దారం పట్టి రెండు కర్ణాలూ సమానమో కాదో చూసుకోవాలి. వాసాలు గోడల్ని బయటికి తోస్తాయి, కాబట్టి రెండు గోడలనీ కలిపి పట్టే అడ్డదూలాలు బిగించాకే పైన బరువు వేయించండి. రంపం పని పెద్దవాళ్ళకి వదిలేసి, గీతలు మాత్రం మీరే గీయండి.

మీ తాతయ్య