బాల్యానికీ యౌవనానికీ నడుమ ఒక దశ ఎలా ఏర్పడింది?

పన్నెండు పదమూడేళ్లకు గొంతు మారడం, ఒళ్లు ఎదగడం మనిషికి కొత్త కాదు. ఆ ఏళ్లను ఒక ప్రత్యేక దశగా గుర్తించి, వాటికి విడిగా చట్టాలూ బడులూ వైద్యమూ ఉండాలనుకోవడం మాత్రం దాదాపు రెండు వందల ఏళ్ల సంగతే. కౌమారమనే మాట పాతదే గాని ఈ అర్థం కొత్తది. ‘కౌమారం పంచమాబ్దాంతం’ అన్న సంస్కృత శ్లోకం ప్రకారం అది అయిదేళ్లకే ముగుస్తుంది. పది నుంచి పదిహేను వరకు కైశోరం, ఆపైన యౌవనం.

1762లో తత్త్వవేత్త రూసో ఈ వయసును రెండో పుట్టుకగా వర్ణించాడు. అయితే ఆయన ఊహించినది సొంత గురువు నీడలో పెరిగే ఒక్క కుర్రవాణ్ని. వేలాది పిల్లలకు వర్తించే గీత గీసింది మిల్లు చట్టాలే. బ్రిటన్ 1833 ఫ్యాక్టరీ చట్టం చాలా జౌళి మిల్లుల్లో తొమ్మిదేళ్ల లోపు వారిని పనిలో పెట్టుకోరాదని నిషేధించి, పదమూడేళ్ల లోపు వారికి దశలవారీగా రోజుకు 9 గంటలు, అది దాటి 18 నిండని వారికి 12 గంటలు పరిమితి విధించింది. అలా పిల్లలూ కాని, పెద్దలూ కాని ఒక నడిమి వర్గం చట్టానికెక్కింది.

మరి వయసు తేల్చేదెలా? ఇంగ్లండులో ప్రభుత్వం జననాలను నమోదు చేయడం 1837 జులైలో గాని మొదలు కాలేదు. అందాకా పిల్ల వాలకం, ఒడ్డూపొడుగూ చూసి వైద్యుడు రాసిచ్చిన పత్రమే ఆధారం. ఎత్తు కన్నా పళ్లే నమ్మదగిన సాక్ష్యమని ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు ఆ ఏడాదే పార్లమెంటు సభ్యులకు విన్నవించాడు. కొత్త దవడపన్ను మొలిచిందా లేదా అన్నదాన్ని బట్టి, నోరు తెరిచి నిలబడ్డ ఆ పిల్ల రోజుకు మరో మూడు గంటలు మగ్గాల మధ్య గడపాలా వద్దా అన్నది తేలే రోజులవి. కౌమారం కథలో నన్ను అన్నిటికన్నా కలచివేసే ఘట్టం ఇదే.

తరువాతి పని బడి చేసింది. అమెరికాలో 1852లో మసాచుసెట్స్‌తో మొదలైన నిర్బంధ విద్య 1918 నాటికి అన్ని రాష్ట్రాలకూ పాకింది. 1899లో షికాగోలో బాలనేరస్తులకు ప్రత్యేక న్యాయస్థానం వెలిసింది. పని నుంచి తప్పించి ఒకే ఈడు వారిని ఏళ్ల తరబడి ఒకచోట కూర్చోబెట్టిన తరువాతే, వారి మనసు ప్రత్యేక అధ్యయన విషయమైంది. 1904లో అమెరికన్ మనస్తత్వవేత్త స్టాన్లీ హాల్ రెండు సంపుటాల గ్రంథంలో 14 నుంచి 24 ఏళ్ల కాలాన్ని తుపాను వంటి దశగా చిత్రించాడు. ఆ తుపాను అన్ని సమాజాల్లోనూ తప్పదా అని పసిఫిక్ దీవులైన సమోవాలోని బాలికలను పరిశీలించిన మానవశాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ 1928లో ప్రశ్నించింది. ఆమె పరిశోధనను తరువాత మరో మానవశాస్త్రవేత్త డెరెక్ ఫ్రీమన్ తీవ్రంగా ఖండించినా, ఈ దశ ఎంతవరకు శరీరానిది, ఎంతవరకు సమాజానిది అన్న ప్రశ్న మాత్రం నిలిచిపోయింది.

సిద్ధాంతం బడిలోని పిల్లలను చూసి అల్లినది కనుక, పనికో పెళ్లికో ముందే వెళ్లిపోయిన వారు, ముఖ్యంగా బాలికలు, అందులో చాలాకాలం చోటు దక్కించుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కౌమారాన్ని 10 నుంచి 19 ఏళ్లుగా లెక్కిస్తుంది. ఈడేరడం మునుపటి కన్నా చిన్న వయసుకు జరిగిందని, చదువు ముగించడం, పెళ్లి, సంతానం ఆలస్యమయ్యాయని చూపి, దాన్ని 24 దాకా పొడిగించాలని 2018లో కొందరు పరిశోధకులు లాన్సెట్ కుటుంబానికి చెందిన ఒక వైద్య పత్రికలో ప్రతిపాదించారు.